కిల్టు కట్టాక తలకేం పెట్టుకోవాలి?

పెళ్లిళ్ల సీజను దగ్గరపడిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో కిల్టు, అంటే స్కాట్లండ్ మగవాళ్లు కట్టే మడతల గళ్ల లంగా గురించి ఒకటో రెండో తప్పకుండా ఉంటాయి. ఈసారి మాత్రం అందరూ కూడబలుక్కున్నట్టు టోపీ గురించే అడిగారు. ఎడిన్‌బరాలో కిల్టులు కుట్టడం నా పని. నడుము సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా చివర్లో అద్దం ముందు నిలబడి "మరి తలకో?" అని అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే అది. వందల పౌండ్లు పోసి కుట్టించుకున్న కిల్టును తప్పు టోపీ ఒక్కటి వేషంలా మార్చేస్తుంది. అందుకని ఈ నెల పేజీ అంతా దీనికే ఇచ్చేస్తున్నాను.

*

అక్కా, మా ఆఫీసు స్నేహితుడి పెళ్లి జూన్‌లో, స్టిర్లింగ్ దగ్గర. మధ్యాహ్నం చర్చిలో పెళ్లి, సాయంత్రం హోటల్లో విందు, డాన్సు. పెళ్లికొడుకు తరఫున మగవాళ్లందరం కిల్టులే. నేను ప్రిన్స్ చార్లీ జాకెట్‌తో సహా మొత్తం సెట్టు అద్దెకు తీసుకుంటున్నాను. అందులో టోపీ లేదు. తల బోసిగా ఉంటుందేమోనని విడిగా ఒక నల్ల గ్లెన్‌గ్యారీ, ఆ పడవ ఆకారపు టోపీ, కొన్నాను. పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గ్లాస్గో

తమ్ముడూ, ఆ పెళ్లికి వద్దు. టోపీ బాగోలేదని కాదు, ఆ జాకెట్‌కు టోపీ లేదు.

ఈ విషయంలో చాలామంది కిల్టు వైపు చూసి టోపీ ఎంచుకుంటారు. కిల్టు గళ్ల బట్టలో, అంటే టార్టన్‌లో ఎరుపుంది కాబట్టి ఎర్ర బొచ్చు ఉన్న టోపీ, పచ్చ ఉంది కాబట్టి పచ్చ టోపీ అనుకుంటారు. చూడాల్సింది జాకెట్ వైపు. ప్రిన్స్ చార్లీ అంటే వెనక చిన్న తోక, వెండి రంగు గుండీలు ఉండే పొట్టి జాకెట్. అసలు అది సాయంత్రపు విందు దుస్తు, నల్ల బో టైతో వేసే డిన్నర్ జాకెట్‌కు హైలాండ్ (స్కాట్లండ్ కొండసీమ) రూపం. ఈ రోజుల్లో పెళ్లిళ్లలో అయిదు గుండీల వెయిస్ట్‌కోటు, మామూలు టైతో పగలు కూడా వేస్తున్నారు, అది వేరే సంగతి. డిన్నర్ జాకెట్ మీద ఎవరూ టోపీ పెట్టరు. దీని మీదా అంతే. అద్దె సెట్టులో కిల్టు, జాకెట్, స్పోరన్ (కిల్టు ముందు వేలాడే తోలు సంచి), మేజోళ్లు, బూట్లు, చివరికి మేజోట్లో దోపుకునే చిన్న కత్తి కూడా ఇస్తారు. టోపీ మాత్రం సాధారణంగా ఉండదు. వాళ్లు మర్చిపోయి కాదు.

ఇంకో సంగతి. ఎలాగూ పెళ్లి చర్చిలో అంటున్నావు. చర్చి గుమ్మం దాటగానే మగవాళ్లు టోపీ తీయాలి. తర్వాత హోటల్. అక్కడా లోపలే. అంటే మొత్తం రోజులో ఆ టోపీ నీ తల మీద ఉండేది బయట ఫొటోలు దిగే కాసేపు. ఆ ఫొటోల్లో మిగతావాళ్లంతా వట్టి తలలతో, నువ్వొక్కడివే గ్లెన్‌గ్యారీతో. పెళ్లికొడుకు పక్కన నిలబడేవాడికి అది బాగుండదు. చర్చి దగ్గర బ్యాగ్‌పైపు వాయించే పైపర్ టోపీతో కనిపిస్తాడు, లోపలికొచ్చినా తీయడు. ఆయన్ని చూసి లెక్క వేసుకోవద్దు. ఆయనది యూనిఫాం.

అయితే పెళ్లికొడుకును ఒకసారి అడుగు. తన బృందమంతా పగలు వేసే సాదా ఆర్గైల్ జాకెట్లో, మందపాటి ఉన్నితో కుట్టిన ట్వీడ్ జాకెట్లో వేసుకుని, బయట అందరం టోపీలు పెడదాం అంటే నువ్వూ పెట్టుకో. ఒక్కరు కాకుండా అందరూ పెడితే అది చాలా అందంగా ఉంటుంది, నాకైతే కన్నుల పండుగే. కొన్న గ్లెన్‌గ్యారీ ఎక్కడికీ పోదు. సెప్టెంబరు మొదటి శనివారం బ్రేమార్‌లో హైలాండ్ ఆటలు జరుగుతాయి. నల్ల ఆర్గైల్ జాకెట్ మీద పెట్టుకుని వెళ్లు. తీయాల్సి వచ్చినప్పుడు చక్కగా చదునుగా మడిచి కోటు లోపలి జేబులో పెట్టేసుకోవచ్చు. స్పోరన్‌లో మాత్రం కుక్కొద్దు, మడత గీత చెడుతుంది.

*

నా దగ్గర లోవట్ గ్రీన్ ట్వీడ్ జాకెట్ ఉంది. వేసవిలో దాని మీద కిల్టుతో ఆటలకు వెళ్తుంటాను. బాల్మోరల్ కొనాలా, గ్లెన్‌గ్యారీ కొనాలా? నాది గుండ్రటి ముఖం, కాస్త పెద్ద తల.
– ఒక పాఠకుడు, పర్త్

బాల్మోరల్. సందేహం అక్కర్లేదు.

రెండిటికీ తేడా ముందు చెబుతాను. బాల్మోరల్ గుండ్రంగా, చదునుగా ఉండే ఉన్ని బానెట్. నడినెత్తిన టూరీ అనే చిన్న ఊలు బంతి, ఎడమవైపు రిబ్బను పువ్వు, వెనక రెండు రిబ్బన్లు. గ్లెన్‌గ్యారీ పడవ ఆకారంలో ఉంటుంది. నెత్తి మీద ముందు నుంచి వెనక్కి ఒక మడత, దానికీ టూరీ, రిబ్బన్లు ఉంటాయి. బాల్మోరల్ పల్లె టోపీ, గ్లెన్‌గ్యారీ పటాలం టోపీ. ఇంత మొరటుగా విడగొడితే చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు కానీ బట్టలు ఎంచుకునేవాళ్లకు ఈ తేడా చాలు.

బాల్మోరల్‌కు తాత నీలి బానెట్. అల్లిన ఉన్నిని తడిపి, దంచి, చిక్కబరిచి, నీలం అద్ది చేసేవారు. ఐర్‌షైర్‌లోని స్టూవర్టన్ ఊరు దానికే పేరుపడింది, ఇప్పటికీ దాన్ని బానెట్ టౌన్ అంటారు. రైతులు, గొర్రెల కాపరులు, 1745లో సింహాసనం కోసం లేచిన ప్రిన్స్ చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ వెంట నడిచిన జాకొబైట్లు, అందరి తల మీదా అదే. జాకొబైట్లు దానికి తెల్ల రిబ్బను పువ్వు గుచ్చుకునేవారు. టామ్ ఓ శాంటర్ అనేదీ ఈ కుటుంబంలోదే, ఇంకాస్త వెడల్పు, ఇంకాస్త మెత్తన. రాబర్ట్ బర్న్స్ 1790లో రాసిన పద్యకథలోని తాగుబోతు రైతు పేరు దానికి వచ్చింది. ఆ కథలో అతను గాలివానలో గుర్రం మీద పోతూ బానెట్ ఎగిరిపోకుండా పట్టుకుంటాడు. ఇక్కడి వాతావరణం తెలిసినవాళ్లకు ఆ కష్టం చెప్పక్కర్లేదు.

గ్లెన్‌గ్యారీ పేరు అలస్టర్ మెక్‌డొనెల్ అనే గ్లెన్‌గ్యారీ క్లాన్ (వంశం) పెద్ద నుంచి వచ్చిందని చెబుతారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు, వాల్టర్ స్కాట్ దగ్గరుండి జరిపించిన ఆ వేడుకల్లో ఆయన తన మనుషులతో సహా హాజరయ్యాడు. ఆ తర్వాత ఈ టోపీని సైన్యం తీసుకుంది. అందుకే దాన్ని చూడగానే కవాతు గుర్తొస్తుంది. ట్వీడ్ జాకెట్‌తో, చేతికర్రతో గడ్డి మీద తిరిగే మనిషికి ఆ బిగుతు నప్పదు.

మీ ముఖం గురించి. గ్లెన్‌గ్యారీ ఇరుకైన టోపీ. పెద్ద తల మీద నిండా దిగదు, దిగకపోతే పైన పెట్టినట్టు ఉంటుంది. బాల్మోరల్ అంచు తలను చుట్టుకుంటుంది. పైనున్న చదును భాగాన్ని కుడివైపుకు, కిందకు లాగుకుంటే గుండ్రటి ముఖానికి ఒక వాలు వస్తుంది. అంచు అడ్డంగా, సమంగా, కనుబొమల మీద ఒక అంగుళం ఎత్తులో ఉండాలి. వాలేది పైభాగమే కానీ అంచు కాదు. ఇది చాలామంది గమనించరు, టోపీ మొత్తాన్ని పక్కకు వంచేస్తారు. రిబ్బను పువ్వు ఎడమ కంటికీ చెవికీ మధ్య రావాలి.

రంగు జాకెట్‌ను బట్టి, కాబట్టి లోవట్ గ్రీన్ కానీ ముదురు గోధుమ కానీ తీసుకోండి. ముదురు నీలం దేనికైనా వెళ్తుంది, ఒకటే కొనగలిగితే అదే కొనండి. కిల్టు టార్టన్‌తోనే కుట్టిన టోపీ మాత్రం దయచేసి వద్దు. కొనేముందు టేపును కనుబొమల పైన, చెవులకు కాస్త పైన చుట్టి సెంటీమీటర్లలో కొలుచుకోండి. అల్లిన బానెట్ ఒక సెంటీమీటరు అటూఇటూ సర్దుకుంటుంది. బట్టతో కుట్టి లైనింగ్ వేసినది సర్దుకోదు.

ఇంకో మాట. కొన్ని టోపీల అంచు చుట్టూ ఎరుపు తెలుపు గళ్లు ఉంటాయి. దాన్ని డైసింగ్ అంటారు. పటాలాల నుంచి వచ్చిన అలవాటది. మామూలు మనుషులు పెట్టుకోకూడదని చట్టమేమీ లేదు కానీ నేనైతే సాదాదే ఇష్టపడతాను. గ్లాస్గో పోలీసు అధిపతి పెర్సీ సిలిటో 1932లో తన పోలీసుల టోపీలకు నలుపు తెలుపు గళ్ల పట్టీ పెట్టించింది ఈ గ్లెన్‌గ్యారీ గళ్లను చూసే. ఇవాళ ఆస్ట్రేలియా పోలీసుల టోపీల మీద కూడా ఆ గళ్లున్నాయి.

*

రాయల్ మైల్‌లో ఒక షాపులో బాల్మోరల్ కొన్నాను. దానికి ఒక క్లాన్ గుర్తున్న వెండి బ్యాడ్జి, రెండు ఈకలు పెట్టి ఇచ్చారు. చాలా బాగుంది. మా స్కాటిష్ పక్కింటాయన చూసి "అవి తీసెయ్" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఏమైనా తప్పా?
– ఒక పాఠకురాలి భర్త, ఎడిన్‌బరా

మీ పక్కింటాయన మీ మేలు కోరే చెప్పాడు. ముందు ఆ ఈకలు తీసేయండి.

స్కాట్లండ్‌లో బానెట్ మీద ఈకలకు లెక్కుంది. డేగ ఈకలు మూడు ఉంటే ఆయన ఒక క్లాన్‌కు పెద్ద. రెండు ఉంటే క్లాన్‌లో ఒక శాఖకు పెద్ద. ఒకటి ఉంటే సొంతంగా వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) మంజూరైన మనిషి. అవి పెట్టుకుని మీరు ఆటల మైదానంలోకి నడిస్తే, తెలిసినవాళ్లు మిమ్మల్ని ఒక శాఖాధిపతి అనుకోవాలి. వాళ్లు అలా అనుకోరు, మొహం తిప్పుకుంటారు. మీ ఈకలు బాతువో టర్కీ కోడివో అయ్యుంటాయి, అయినా లెక్క లెక్కే.

ఇక బ్యాడ్జి. దాన్ని దగ్గరగా పట్టుకుని చూడండి. మధ్యలో ఒక జంతువో, చెయ్యో, కత్తో ఉంటుంది. చుట్టూ బెల్టు, కింద బకిల్, బెల్టు మీద ఒక నినాదం. మధ్యలో ఉన్న బొమ్మ ఆ క్లాన్ పెద్ద సొంత ఆస్తి. దాని చుట్టూ బెల్టు ఉండడానికి అర్థం "నేను ఈ క్లాన్ పెద్దకు చెందినవాణ్ని" అని. అంటే అది అలంకారం కాదు, విధేయత చెప్పుకోవడం. పెద్ద తాను పెట్టుకున్నప్పుడు బెల్టు ఉండదు, సాదా వలయం ఉంటుంది. ఈ చిహ్నాల వ్యవహారమంతా చూడ్డానికి ఎడిన్‌బరాలో లార్డ్ లయన్ కోర్టు ఉంది. పేరుకే కాదు, నిజంగా కోర్టే, దానికి సొంత ప్రాసిక్యూటర్ కూడా ఉన్నాడు. బెల్టు బ్యాడ్జి పెట్టుకున్నందుకు మిమ్మల్నెవరూ అక్కడికి లాక్కెళ్లరు, భయపడకండి. కానీ మీకు ఆ క్లాన్‌తో పెళ్లి వల్లో, పుట్టుక వల్లో సంబంధం లేకపోతే అది మీది కాని ఇంటిపేరు రాసుకోవడమే.

పటాలాల బ్యాడ్జీలు ఇంకా జాగ్రత్త. పాత సామాన్ల దుకాణాల్లో బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ పటాలం బ్యాడ్జీలు, ఎర్ర ఈక కుచ్చులు దొరుకుతాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. ఆ కుచ్చు కోసం మనుషులు ప్రాణాలిచ్చారు. ఆ పటాలంలో పనిచేసినవాళ్లు మీ ఎదురుగానే నిలబడి ఉండొచ్చు. కొనుక్కుని ఇంట్లో అద్దాల పెట్టెలో పెట్టుకోండి, తలకొద్దు. పర్త్‌లో బాల్‌హూసీ కోటలో వాళ్ల మ్యూజియం ఉంది, ఒకసారి వెళ్లి చూస్తే నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో తెలుస్తుంది.

మరి ఏం పెట్టాలి? స్కాట్లండ్ గుర్తయిన తిసిల్ ముళ్ల పువ్వు బ్యాడ్జి, స్కాట్లండ్ జెండా మీది ఏటవాలు శిలువ బ్యాడ్జి ఎవరైనా పెట్టుకోవచ్చు. అసలు ఏమీ లేకుండా నల్ల పట్టు రిబ్బను పువ్వు ఒక్కటే ఉన్నా నిండుగానే ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

*

హాంప్‌డెన్ పార్కులో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కిల్టు, టీషర్టు వేసుకెళ్తున్నాం. బేస్‌బాల్ క్యాప్ పెట్టొచ్చా? లేక ఆ ఎర్ర జుట్టు అతికించిన టార్టన్ టోపీయా?
– నలుగురు స్నేహితులు, గ్లాస్గో

మ్యాచ్‌కి ఏదైనా సరే. టార్టన్ ఆర్మీ అనే స్కాట్లండ్ జట్టు అభిమానుల మధ్య గ్లెన్‌గ్యారీ, టామ్ ఓ శాంటర్, ఎర్ర జుట్టు టోపీ అన్నీ కనిపిస్తాయి. ఎర్ర జుట్టుది స్టేడియం వరకే ఉంచండి, కవి బర్న్స్ పేరు మీద జరిపే బర్న్స్ నైట్ విందుకో పెళ్లికో తీసుకెళ్తే ఇంటివాళ్లు నొచ్చుకుంటారు. బేస్‌బాల్ క్యాప్ నాకు నచ్చదు. చలి ఉంటే సాదా ఊలు టోపీ, మందపాటి జంపర్‌తో కిల్టు నిజంగా బాగుంటుంది. ట్వీడ్ జాకెట్ వేసే రోజున అదే రకం ట్వీడ్‌తో కుట్టిన ఫ్లాట్ క్యాప్ కూడా చక్కగా కుదురుతుంది.

*

మేడమ్, మా బాబుకు తొమ్మిదేళ్లు. పైప్ బ్యాండులో డ్రమ్ము నేర్చుకుంటున్నాడు. మొదటి కవాతు వచ్చే నెల. బ్యాండువాళ్లు గ్లెన్‌గ్యారీ ఇచ్చారు. నేనెలా పెట్టినా జారిపోతోంది, వాడేమో ఏడుపు మొహం పెడుతున్నాడు. నాకూ టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, అబర్దీన్

అమ్మా, టెన్షన్ పడకండి, ఇది చేతికి అలవాటయ్యే పనే. టోపీ పూర్తిగా తెరవొద్దు. చాలామంది రెండు చేతులతో లాగి తెరిచి గిన్నె బోర్లించినట్టు పెడతారు, జారేది అందుకే. పైనున్న మడత మూసుకునే ఉండాలి. కింది అంచు మాత్రమే తల పట్టేంత తెరుచుకోవాలి. ముందు భాగం నుదుటి మీద ఆనించి, అప్పుడు వెనక్కి లాగండి. వెనక నుంచి ముందుకు కాదు. మడత సరిగ్గా ముక్కుకు ఎదురుగా మొదలై నడినెత్తి మీదుగా పోవాలి. తర్వాత రెండు వేళ్లతో కొద్దిగా కుడికి వంచండి. కుడి అంచు కనుబొమకు ఒక అంగుళం పైన ఆగాలి. బ్యాడ్జి ఎడమ కణత మీదకు వస్తుంది. పిల్లలు వేడిగా ఉందని వెనక్కి తోసేస్తుంటారు, అలా తోస్తే రెండడుగుల్లో పడిపోతుంది.

అయినా వదులుగా ఉంటే లోపలి పట్టీ వెనక సన్నటి ఫెల్టు ముక్క దూర్చి రెండు కుట్లు వేయండి. బ్యాండువాళ్ల టోపీ కాబట్టి జిగురు పూయొద్దు, రిబ్బన్లు కత్తిరించొద్దు. రిబ్బన్లు ముడేయాలా, వదిలేయాలా అనేది బ్యాండును నడిపే పైప్ మేజర్ చెప్పినట్టే చేయండి. బ్యాండులో అందరివీ ఒకేలా ఉండాలి. ఇంట్లో రోజూ కాసేపు టోపీ పెట్టుకునే డ్రమ్ము వాయించమనండి. మెడ దానికదే నిటారుగా నిలబడుతుంది. కవాతు రోజు వాడి ఫొటో ఒకటి నాకు పంపండి, చూడాలని ఉంది.

*

మా అమ్మాయి పెళ్లి ఆగస్టులో. వియ్యాలవారు స్కాటిష్ వాళ్లు. నన్నూ కిల్టు కట్టుకోమని ముచ్చటపడుతున్నారు, నాకూ ఇష్టమే. కానీ పెళ్లి పెద్దగా తలపాగా లేకుండా నిలబడడానికి మనసొప్పడం లేదు. రెండూ కలిపితే ఎబ్బెట్టుగా ఉంటుందా?
– ఒక తండ్రి, డండీ

అన్నగారూ, నిశ్చింతగా చుట్టుకోండి. స్కాట్లండ్ సిక్కులు ఎప్పటినుంచో తలపాగాతో కిల్టు కడుతున్నారు, వాళ్ల పేరు మీద 1999లో నమోదైన సింగ్ టార్టన్ కూడా ఉంది. ఆ జోడీ ఇక్కడివాళ్ల కళ్లకు కొత్త కాదు. నేను మొదటి ఉత్తరానికి చెప్పిన వట్టి తల నియమం తీసి పెట్టే టోపీలకే. తలపాగా ఆ లెక్కలోకి రాదు, ప్రిన్స్ చార్లీ జాకెట్ మీద కూడా బాగుంటుంది. పెళ్లి చర్చిలో అయితే ముందుగా పాస్టరుగారితో ఒక మాట చెప్పి ఉంచండి, ఆ రోజు గుమ్మంలో ఎవరూ తడబడకుండా ఉంటుంది.

రంగు ఎంచుకోవడంలో చిన్న చిట్కా. టార్టన్‌లో పెద్ద గళ్ల రంగు కాకుండా, వాటి మధ్య పరిగెత్తే సన్న గీత రంగు చూడండి. ముదురు నీలం, పచ్చ గళ్ల మధ్య పసుపు గీత ఉందనుకోండి, తలపాగా ఆ పసుపు. కిల్టు అంచు ముక్క ఒకటి పట్టుకెళ్లి పగటి వెలుతురులో జత చూసుకోండి, షాపు లైట్ల కింద వద్దు. జరీ సన్నగా ఉండనివ్వండి, స్పోరన్ మీద వెండి ఎలాగూ మెరుస్తుంటుంది. తలపాగాకు క్లాన్ బ్యాడ్జి మాత్రం గుచ్చొద్దు.

*

వానలో పూర్తిగా తడిసిన బాల్మోరల్‌ను రేడియేటర్ మీద ఆరేశాను. బిగుసుకుపోయింది, తలకు పట్టడం లేదు. ఆశ ఉందా?
– ఒక పాఠకుడు, ఇన్వర్నెస్

అల్లిన బానెట్ అయితే ఉంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదమండి. మీ తల చుట్టుకొలత ఉన్న గిన్నె ఒకటి వెతికి బోర్లించి, అంచును కొద్దికొద్దిగా, చుట్టూ సమంగా లాగుతూ దాని మీదకు దించండి. ఒకేచోట లాగితే చెవిలా సాగుతుంది. గాలి తగిలే గదిలో, పొయ్యికీ హీటరుకూ దూరంగా రెండు రోజులు వదిలేయండి. టూరీని వేళ్లతో విడదీయండి. రిబ్బన్ల మీద పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి. లైనింగ్ ఉన్న కుట్టు టోపీ అయితే ఇంట్లో లాగొద్దు. లైనింగ్ విప్పి, వెనక కుట్టు దగ్గర సన్నటి ముక్క అతకాలి. అది దర్జీ పని.